చెలమకు కొళాయి

గాలిదిన్నెలో చూడ్డానికి ఏముందని ఎవరైనా అడిగితే ఊరివాళ్ళు ఇసుక ఉందంటారు. ఇంకా ఏముందంటే గాలి ఉందంటారు. మూడోసారి ఎవరూ అడగరు. అప్పటికే నోట్లో ఇసుక పడి ఉంటుంది.

పేరుకు అది మండల కేంద్రం. బస్టాండు ఉంది, బస్టాండు ముందు ఉగ్గాని, బజ్జీలు అమ్మే కొట్టు ఉంది, పోలీసు ఠాణా ఉంది. ఊరి పక్కన ఏరు కూడా ఉంది గానీ అందులో నీళ్ళు ఎవరి పెళ్ళప్పుడు పారాయో పెద్దవాళ్ళకే గుర్తు. ఆషాఢంలో గాలి లేచిందంటే ఏటి ఇసుక గట్టెక్కి, చేలు దాటి, నేరుగా వీధుల్లోకి వస్తుంది. పొద్దున్నే తలుపు తీయాలంటే ముందు పార వెతుక్కోవాలి. సాయంత్రం బస్సు ఊరి మలుపులో ఇసుకలో దిగబడుతుంది. ప్రయాణికులు దిగి తోస్తారు. టిక్కెట్టు కొనేది కూర్చోవడానికా తోయడానికా అని పొరుగూరివాళ్ళు అడుగుతారు, మనవాళ్ళు అడగరు.

ఆ ఊళ్ళో సుంకమ్మ అనే ఆమె ఉండేది. ఆమె రోజు మొదలయ్యేది చెలమ దగ్గర. ఎండిన ఏట్లో నడుములోతు గుంట తవ్వి, అడుగున ఇసుకను చేత్తో తోడి, కాసేపు ఊరుకుంటే నీరు ఊరుతుంది. ఆ ఊరిన నీటిని టెంకాయ చిప్పతో ముంచి, చీర కొంగులో వడకట్టి, బిందె నింపుకోవాలి. ఒక బిందె నిండేలోగా ఊళ్ళో సంగతులన్నీ ఒకసారి మాట్లాడుకోవచ్చు. రెండో బిందె నిండేలోగా వాటినే మళ్ళీ మాట్లాడుకోవాలి. అంతవరకు పరవాలేదు. కానీ సుంకమ్మకు కుడి మోకాలు అరిగిపోయింది. బిందె ఎత్తుకుని గట్టు ఎక్కేటప్పుడు ఆమె నోట వచ్చే మాటలు దేవుడికే గాని మనకు రాయదగినవి కావు.

ఆమె భర్త తిప్పన్న. ఒకప్పుడు మంచి సేద్యగాడు. ఒక ఏడు గాలికి వాళ్ళ శనగచేను మొత్తం ఇసుక కింద పడిపోయింది. మరుసటి ఏడు తవ్వాడు, మళ్ళీ పడింది. మూడో ఏడు వచ్చి ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాడు. లేవడానికి తగిన కారణం ఆ తరువాత అతనికి కనిపించలేదు.

ఇలా ఉండగా గాలిదిన్నెకు కొళాయి నీళ్ళు మంజూరయ్యాయి. ఎక్కడో కొండల్లో రిజర్వాయరు నుంచి పైపులు బయలుదేరాయి. అవి రావడానికి ముందే ప్రతి ఇంటి ముందూ కొళాయిలు బిగించారు. పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా పూర్తయ్యేది ఒకేసారి గదా అని కాంట్రాక్టరు వాదన. సుంకమ్మ తన కొళాయికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. పైపులు ఊరి మొదలు దాకా వచ్చేశాయి. ఇంకొక్క వారం అన్నాడు నీళ్ళ ఇంజనీరు.

ఆ వారంలోనే ఒక ఫోటో ఊరి తలరాత మార్చింది. అంతకు కొన్నాళ్ళ ముందు దారి తప్పి వచ్చిన ఒకాయన, చెలమలో వంగి నీళ్ళు ముంచుతున్న సుంకమ్మను ఫోటో తీసుకుపోయాడు. దానికి రాజధానిలో బహుమతి వచ్చింది. పెద్దలు దాని ముందు నిలబడి చాలాసేపు చలించారు. ఈ దృశ్యం మన రాష్ట్రంలోదేనా అని ఒకరు అడిగారు. మనదే అన్నారు ఇంకొకరు. అయితే దీన్ని కాపాడాలి అన్నారు అందరూ.

కాపాడటానికి పర్యాటక శాఖ సహాయ సంచాలకులు పరాంకుశం గారు జీపులో వచ్చారు. మార్కెట్ యార్డులో సభ పెట్టారు.

"గాలిదిన్నె ఒక ఊరు కాదు, ఒక అనుభూతి," అన్నారాయన, మొహం మీది ఇసుక తుడుచుకుంటూ. "కోటలూ గోపురాలూ చూసి చూసి యాత్రికుడు అలసిపోయాడు. అతనికి కావలసింది జీవితం. మీరు రోజూ చేసే పనులే ఇకపై రాష్ట్ర సంపద. మా శాఖ సజీవ దృశ్య పథకం కింద వాటిని గుర్తించి, నోటిఫై చేసి, యథాతథంగా పరిరక్షిస్తుంది."

సుంకమ్మ పక్కింటి ఖాసింబీ కొంగు సర్దుకుని లేచింది. "సంపదంటాండారు గదా సార్, మాకేమన్నా ఇస్తారా?"

"గౌరవం ఇస్తామమ్మా."

"అది యాడ పెట్టుకోవల్ల సార్, పెట్టెలోనా?"

పరాంకుశం గారు అది ప్రశంసగా స్వీకరించి ముందుకు సాగారు.

వారం తిరిగేసరికి ఊరంతా బోర్డులు లేచాయి. ఉగ్గాని కొట్టు ఒక దృశ్యం. పారలతో వాకిళ్ళు తోడుకోవడం ఒక దృశ్యం. బస్సు తోయడం ఒక దృశ్యం. అన్నిటికంటే పెద్ద బోర్డు చెలమ దగ్గర పెట్టారు. చివరగా సర్వే బృందం సుంకమ్మ వీధిలోకి వచ్చి, అరుగు మీద కూర్చున్న తిప్పన్నను చూసి ఆగిపోయింది. వాళ్ళు చుట్టూ తిరిగి చూశారు. అతను కదలలేదు. ఇంత సహజంగా కూర్చున్న మనిషిని తామెన్నడూ చూడలేదని రాసుకున్నారు. 'అరుగుపై విశ్రాంత గ్రామీణుడు' అని బోర్డు తగిలించి, అతనికి ఎర్ర తలపాగా, మెళ్ళో వేసుకునే గుర్తింపు కార్డు ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం సుంకమ్మ ఎప్పటిలాగే, "ఏమయ్యా, ఆ పార తీసుకోని వాకిట్లో ఇసుక ఎత్తిపొయ్‌," అంది.

తిప్పన్న కార్డు ముందుకు జరిపి చూపించాడు. "నేను డ్యూటీలో ఉండా."

సుంకమ్మ కార్డు వైపు చూసింది, తలపాగా వైపు చూసింది. "ఇన్నేండ్లు ఊరికే చేస్తివి గదయ్యా ఈ పని. ఇంగ నిన్ను పట్టేదెవరు?" అని తనే పార తీసుకుంది.

పరిరక్షణలో ముఖ్యమైన నియమం ఒక్కటే: నోటిఫై చేసిననాడు దృశ్యం ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండాలి. మలుపులో ఇసుక తీసి రోడ్డు వెయ్యడానికి వచ్చిన మనుషుల్ని వెనక్కి పంపారు. రోడ్డు బాగుంటే బస్సు దిగబడదు, దిగబడకపోతే తోయడం ఉండదు. ఒకరోజు గాలి లేక బస్సు ఆగకుండా సాఫీగా స్టాండుకు చేరింది. డ్రైవరుకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ప్రయాణికుల్ని మళ్ళీ ఎక్కించుకుని మలుపు దాకా వెనక్కి తీసుకుపోయి, ఇసుకలో దిగబెట్టి, తోయించి తెచ్చాకగాని ఆ రోజు పని పూర్తయినట్టు లెక్కలోకి తీసుకోలేదు.

నీళ్ళ ఇంజనీరు పైపులు కలపడానికి మనుషులతో వచ్చిన రోజున పరాంకుశం గారు అడ్డుపడ్డారు. వీధిలో జనం పోగయ్యారు.

"కొళాయి వస్తే ఇక చెలమకు ఎవరు పోతారు?" అన్నారాయన.

"ఎవరూ పోరు సామీ," అంది సుంకమ్మ. "దానికే గదా కొళాయి."

"అదేనమ్మా మా శాఖ ఆందోళన."

"నా మోకాలు సూడు సామీ. గట్టు ఎక్కల్లంటే ప్రాణం పోతాది."

పరాంకుశం గారు మోకాలు చూడలేదు గానీ ఆమె ముఖం వైపు ఆర్ద్రంగా చూశారు. "ఆ బాధే అమ్మా, ఫోటోలో అంత బాగా వచ్చింది."

ఇంజనీరు నోరు తెరిచాడు. ఏ శాఖ ముందు ఏ శాఖ మాట్లాడాలో గుర్తొచ్చి మూసుకున్నాడు. పనులు నిలిపేశారు. యాత్రికుల కంట పడితే బాగుండదని ఇళ్ళముందు కొళాయిలకు గోనెసంచులు చుట్టారు. ప్లాస్టిక్ బిందెలు కూడా ఫోటోకు నప్పవని వాటిని నిషేధించి, శాఖ తరఫున ఇత్తడి బిందెలు పంచారు. ఖాసింబీ ఖాళీ బిందె ఎత్తి చూసి, "దీంట్లో మళ్ళీ నీళ్ళు కూడా పొయ్యల్లనా సార్?" అని అడిగింది.

యాత్రికులు రావడం మొదలైంది. మొదట కార్లలో, తర్వాత బస్సుల్లో. వాళ్ళు ఉగ్గాని తిని కారమని ఏడ్చేవారు, బస్సు తోసి కేరింతలు కొట్టేవారు, తిప్పన్న పక్కన కూర్చుని ఫోటో తీయించుకునేవారు. తిప్పన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అదే గొప్పగా ఉందని వాళ్ళు చెప్పుకునేవారు. తరువాత అందరూ ఏట్లోకి దిగి, తలా ఒక చిప్పెడు నీళ్ళు ముంచి చూసి, ఆహా అని పారబోసేవారు. ఆడవాళ్ళు బిందెలతో పక్కన నిలబడి ఆ పారబోసే నీళ్ళ వంక చూసేవారు.

ఎండలు ముదిరాయి. అంతమంది తోడితే చెలమ ఎంతకాలం ఊరుతుంది? ఒకరోజు సుంకమ్మ మోచెయ్యి దాకా ఇసుక తవ్వినా తడి తగల్లేదు. ఆమె కొంత దుఃఖపడి, కొంత సంతోషపడి, కుంటుకుంటూ, పరాంకుశం గారు ఊళ్ళో వేసుకున్న శిబిరానికి వెళ్ళింది.

"చెలమ ఎండిపాయ సామీ. ఇంగ చూసేదానికేమీ ల్యా. కొళాయి ఇడిసిపెట్టండి."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన ముఖం పాలిపోయింది. "ఎండిపోయిందా? ఎల్లుండి విదేశీ ప్రతినిధులు వస్తున్నారే!" అన్నారు. తరువాత స్వరం గంభీరం చేసుకుని, "నిశ్చింతగా వెళ్ళమ్మా. యుద్ధ ప్రాతిపదికన నీళ్ళు తెప్పిస్తాను," అన్నారు.

మాట నిలబెట్టుకున్నారు కూడా. మర్నాడే పెద్ద ట్యాంకరు వచ్చింది. ఆడవాళ్ళు ఇత్తడి బిందెలు చంకన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తారు. ట్యాంకరు ఆగలేదు. వాళ్ళ ముందు నుంచే కారుకుంటూ పోయి, ఏటిగట్టు మీద నిలబడి, గొట్టం దించి, నీళ్ళన్నీ చెలమలో పోసింది.

సుంకమ్మ డ్రైవరు దగ్గరికి పోయి ఆయాసపడుతూ అడిగింది. "నాయనా, మా వాకిలి ముందరనే వచ్చినావు గదా. ఆడనే రెండు బిందెలు పోసింటే నీకేమి పోయె?"

"నా ఉజ్జోగం పోతాదక్కా. చెలమలో పొయ్యమన్నారు, పోస్తాండా."

"పోసినవి మేమే గదా మళ్ళీ తోడుకునేది?"

డ్రైవరు ఒక నిమిషం ఆలోచించాడు. "నన్ను అడగొద్దక్కా," అన్నాడు నీరసంగా. "పోసేటప్పుడు నేను ఆలోచించుకోకుండా పోస్తాండా. ఆలోచిస్తే పొయ్యలేను."

సగం నీళ్ళు ఇసుక తాగింది. మిగిలినవి ఆడవాళ్ళు చిప్పలతో ముంచుకుని, వడకట్టుకుని, ఇంటికి మోసుకున్నారు. విదేశీ ప్రతినిధులకు కళ్ళు చెమర్చాయి.

కానీ ట్యాంకరు చక్రాలు రోజూ ఇసుకలో దిగబడుతున్నాయి. అది నోటిఫై చేసిన దిగబాటు కాదు గనుక తోయడానికి ఎవరికీ అధికారం లేదు. శాశ్వత పరిష్కారం కావాలని పెద్ద సమావేశం పెట్టారు. ఊరి మొదట్లో ఆగిపోయిన పైపులు ఎవరికో గుర్తొచ్చాయి. ఇంజనీరును పిలిచి పనులు తక్షణం పూర్తి చెయ్యమన్నారు. అతను సంతోషంతో, ఎన్ని ఇళ్ళకు కనెక్షను ఇవ్వమంటారని అడిగాడు.

"ఇళ్ళకెందుకయ్యా?" అన్నారు పరాంకుశం గారు. "నేరుగా చెలమకు."

పైపు సుంకమ్మ వీధి గుండానే వేశారు, ఆమె గడపకు మూరెడు దూరంలో. పైపు వేయిస్తున్నంతసేపూ ఇంజనీరు ఆమె వైపు చూడకుండా నేల చూపులు చూశాడు. ప్రారంభోత్సవానికి మేళతాళాలు వచ్చాయి. పరాంకుశం గారు వాల్వు తిప్పగానే ఇసుక కింద దాచిన గొట్టంలోంచి చెలమలోకి నీరు బుగబుగా ఊరింది. "చూడండి, ప్రకృతి ఒడిలో స్వచ్ఛమైన ఊట!" అన్నారాయన. ఆ విధంగా గాలిదిన్నెలో చెలమకు కొళాయి వచ్చింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే సుంకమ్మ నిండు ఇత్తడి బిందెతో గట్టెక్కుతూ పడిపోయింది. నీళ్ళు పోయాయి, బిందె దొర్లి మళ్ళీ ఏట్లోకి పోయింది, ఆమె మోకాలు పట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయింది. చుట్టూ ఉన్న యాత్రికులు అది కూడా కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఖాసింబీ పరుగెత్తి వచ్చి, వాళ్ళను తిట్టి, సుంకమ్మను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది.

తిప్పన్న అరుగు మీదనుంచి మెడ తిప్పి చూశాడు. అతని పక్కన ఎవరో ఫోటో దిగుతున్నారు. "ఏమాయ?" అన్నాడు.

"పడింది వదిన. నువ్వు కుచ్చో అన్నా, లేస్తే మల్ల మీవోళ్ళు ఏమన్నా అంటారు," అని ఖాసింబీ విసురుగా వెళ్ళిపోయింది.

సుంకమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. మోకాలు గుమ్మడికాయలా వాచింది. కదలకుండా పడుకుంటే ఒక చప్పుడు వినిపించేది. గడప అవతల, నేల కింద, పొద్దంతా నీళ్ళు గుడగుడమంటూ పోతూనే ఉన్నాయి. ఇంట్లో కుండ ఖాళీగా ఉంది. మూడోనాడు ఉదయం ఆమె గోడ పట్టుకుని లేచింది. మూలనున్న గడ్డపార అందుకుంది. వాకిట్లోకి పోయి, కాలు చాపుకుని నేల మీద కూర్చుని, తవ్వడం మొదలుపెట్టింది.

వీధిలో అప్పుడే ఒక బస్సు జనం దిగారు. గైడు వాళ్ళకు తిప్పన్నను చూపించి, ఇతను తరతరాల నిశ్చలతకు ప్రతీక అని వివరిస్తున్నాడు.

"మ్మే, ఏం చేస్తాండావు?" అన్నాడు తిప్పన్న పెదవులు కదపకుండా.

"కండ్లు ల్యావా?"

"అది గవర్మెంటు పైపు."

"కుండ నాది."

"నేను డ్యూటీలో ఉండానే. చూసినోన్ని చెప్పల్ల, లేకుంటే నా మీదికి వస్తాది."

"అట్లయితే అట్లపక్క చూడు."

తిప్పన్న అటుపక్కకు చూశాడు. చూడకపోయినా వినిపిస్తుంది గదా. గడ్డపార దెబ్బ మెత్తగా పడుతోంది. ప్రతి దెబ్బకూ వెనకే ఒక మూలుగు. కొంచెంసేపు దెబ్బ ఆగింది. మూలుగు మాత్రం ఆగలేదు. తిప్పన్న మెడ ఇటు తిరిగింది. సుంకమ్మ గడ్డపార మీద తల ఆనించుకుని ఉంది. కళ్ళల్లోంచి నీళ్ళు ఇసుకలో పడుతున్నాయి.

తిప్పన్న లేచాడు.

"తాతా, తాతా! లేవకూడదు!" అన్నాడు గైడు కంగారుగా.

తిప్పన్న తలపాగా తీసి అరుగు మీద పెట్టాడు. మెళ్ళో కార్డు తీసి దాని మీద పెట్టాడు. చాలాకాలం వాడని కాళ్ళు కదా, రెండడుగులు తడబడి, మూడో అడుగులో సర్దుకున్నాయి. భార్య దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"ఇటియ్యి. మోకాలినొప్పిదానివి."

సుంకమ్మ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. గడ్డపార ఇచ్చి పక్కకు జరిగింది. సేద్యగాడి చెయ్యి దాని పని అది మరిచిపోలేదు. నాలుగు పోట్లకు పైపు పగిలింది. నీళ్ళు నిలువెత్తు లేచి, తిప్పన్నను తల నుంచి పాదాల దాకా తడిపి, వీధిలో పడ్డాయి. ఖాసింబీ అరుపుకు వీధి వీధంతా దాచిపెట్టుకున్న ప్లాస్టిక్ బిందెలతో బయటికి వచ్చింది.

మధ్యాహ్నానికల్లా పరాంకుశం గారు విచారణ మొదలుపెట్టారు. పైపు పగలడం నీళ్ళ శాఖకు సంబంధించింది గనుక ఆయన దాన్ని పట్టించుకోలేదు. ఆయన నేరారోపణ వేరు.

"నువ్వు విధి నిర్వహణలో ఉండగా లేచి నిలబడ్డావా, లేదా?"

"లేచినా సామీ."

"అనుమతి తీసుకున్నావా?"

"లేసేదానికి అనుమతి యాడ అడగల్ల సామీ?"

"ఏ కారణంతో లేచావు?"

"ఆమెకు మోకాలు నొస్తాండాది."

పరాంకుశం గారు పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి, "అకారణంగా అని రాసుకో," అన్నారు. విచారణ పూర్తయ్యేవరకు తిప్పన్నను కూర్చోవడం నుంచి సస్పెండు చేశారు. తన అరుగు మీదనే గాక, యాత్రికుల కంటికి ఆనే ఏ చోటా అతను కూర్చోరాదన్నారు. కూర్చోవడానికి చోటు లేక, నిలబడి ఊరికే ఉండలేక తిప్పన్న బిందె అందుకున్నాడు.

ఇంతలో ఇంజనీరు పైపు బాగుచెయ్యడానికి వచ్చాడు. కానీ అతను చెయ్యి వెయ్యడానికి చోటు దొరకలేదు. చెలమకు నీళ్ళు పోవడం ఆగిపోయేసరికి యాత్రికుల బస్సులన్నీ సుంకమ్మ వీధిలో ఆగాయి. నీళ్ళు చిమ్ముతున్నాయి, ఆడవాళ్ళు నా వంతంటే నా వంతని జుట్లు పట్టుకుంటున్నారు, ఖాసింబీ నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ తీర్పులు చెబుతోంది. యాత్రికులు ఒకరి భుజాల మీదికి ఒకరు ఎక్కి ఫోటోలు తీస్తున్నారు. పరాంకుశం గారు ఆ గుంపును చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు క్రమంగా మెరిశాయి.

"ఆపవయ్యా," అన్నారు ఇంజనీరుతో. "ఇది చెలమ కంటే సజీవంగా ఉంది."

"సార్, నీళ్ళు వృథా అవుతున్నాయి."

"వృథా అనకు. ప్రవాహం అను."

సాయంత్రానికి బోర్డు లేచింది. పగిలిన పైపు దృశ్యంగా నోటిఫై అయింది. నోటిఫై అయిననాటి స్థితిలోనే దాన్ని పరిరక్షించాలి గనుక మరమ్మతు చెయ్యడం నేరమైంది. నీళ్ళు ఆపడం అంతకంటే పెద్ద నేరం. ఆనాడు ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నవి ప్లాస్టిక్ బిందెలు గనుక ఇత్తడి బిందెలు అక్కడ నిషిద్ధం. రిజర్వాయరులో నీళ్ళున్నంతకాలం గాలిదిన్నెకు గడప దగ్గరే నీళ్ళు. ఏ మంజూరూ ఇంత గట్టిగా ఎవరికీ దక్కలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. అరుగు మీద బోర్డు ఉంది, మనిషి లేడు. ఖాళీని భర్తీ చెయ్యడానికి తూనికలు, కొలతల శాఖ నుంచి భాస్కరరామం గారనే సీనియర్ గుమాస్తాను డిప్యుటేషను మీద పంపారు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. మొదటిరోజే తలపాగా చుట్టుకుని, కార్డు వేసుకుని, సుంకమ్మను "కూర్చోమంటారా అండీ?" అని అడిగి మరీ కూర్చున్నాడు. కుర్చీ తెచ్చుకున్నాడు గానీ నిబంధనలు ఒప్పుకోలేదు. మొదటి గంటలో ఆరుసార్లు కాళ్ళు మార్చాడు. ఇసుక తుమ్ములు తుమ్మాడు. మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. గైడు చూడకుండా గోడకు చేరగిలబడబోయి, చూశాడని మళ్ళీ నిటారయ్యాడు.

సుంకమ్మ గడపలో కాలు చాపుకుని కూర్చుని బియ్యం ఏరుతోంది. అతని అవస్థ చూసి జాలిపడి చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగి, అతను దీనంగా అడిగాడు. "ఇంతసేపు కదలకుండా ఎలా కూర్చునేవారండీ ఆయన? నావల్ల కావట్లేదు."

అప్పుడే తిప్పన్న భుజాన ఒక బిందె, చంకన ఒక బిందెతో, తడిసిన పంచె కాళ్ళకు అడ్డం పడుతుంటే, వాకిట్లోకి వచ్చాడు. ఆ మాట విని ఆగాడు. కొత్త మనిషి కూర్చున్న తీరును కాసేపు పరిశీలనగా చూశాడు.

"కష్టమే సామీ," అన్నాడు సానుభూతిగా. "నాకు కుదిరేదానికే శానా ఏండ్లు పట్టె."

సుంకమ్మ పగలబడి నవ్వింది. బియ్యం చేట ఒళ్ళోంచి జారిపోతున్నా ఆగలేదు.

"కుదిరింది చాల్లే," అంది చివరికి కళ్ళు తుడుచుకుంటూ. "పో, ఖాసింబీ బిందె కూడా పట్టుకోని రా."

తిప్పన్న పోయాడు.